ఫిట్స్, లో షుగర్ వచ్చిన మనిషిని తాగాడనుకుని పోలీసులు పట్టుకుంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

గుంటూరులో నాకు చిన్న మందుల షాపు ఉంది. ఫిట్స్ బిళ్లలు, ఇన్సులిన్ తీసుకెళ్లే ఇళ్లవాళ్లలో ప్రతి నెలా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "మా వాడు రోడ్డు మీద పడిపోయి, లేచి తూలుతుంటే పోలీసులు తాగాడనుకుంటే ఎట్లా అన్నా?" ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పడం అవడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. రెండేళ్ల కిందట మా తమ్ముడు విజయవాడలో రాత్రిపూట బస్సు దిగి నడుస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఫిట్స్ రెండు నిమిషాల్లో ఆగిపోయాయి. దెబ్బలు తిన్నది ఆ తర్వాతే. లేచి నిలబడ్డాడు కానీ ఎక్కడున్నాడో తెలియదు, పిలిస్తే పలకడు, చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. గస్తీ తిరిగేవాళ్లకు అది తాగినవాడి పొగరులా కనిపించింది. రెండు లాఠీ దెబ్బలు వేసి, బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టారు. డాక్టరు చీటీ వాడి ప్యాంటు జేబులోనే ఉంది. జేబులో ఉన్న చీటీని ఎవరు చూస్తారు?

ఫిట్స్ తగ్గాక చాలామందికి పది నిమిషాల నుంచి అరగంట దాకా, కొందరికి ఇంకా ఎక్కువసేపు, మనసు మబ్బుగా ఉంటుంది. షుగర్ బాగా పడిపోయినా అంతే: చెమటలు, వణుకు, ముద్దమాట, ఊరికే కోపం. పక్షవాతం మొదలైనప్పుడూ, తలకు దెబ్బ తగిలినప్పుడూ, మే నెల ఎండలో వడదెబ్బ తగిలినప్పుడూ మనిషి ఇలాగే తూలతాడు. చూసేవాడికి అన్నీ తాగినట్టే ఉంటాయి. ఆ మబ్బులో ఉన్న మనిషిని గట్టిగా పట్టి అదిమితే ఇంకా పెనుగులాడతాడు. ఆ పెనుగులాట చూసి ఇంకా కొడతారు. ఈ చక్రం తిరగకుండా ఆపడమే మన పని.

ముందుగా కావలసినవి

- చేతికి కట్టుకునే పట్టీ లేదా కడియం. జబ్బు పేరు, ఇంటి ఫోన్ నంబరు పైకి కనపడాలి.
- లామినేషన్ చేయించిన కార్డు, ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్.
- డాక్టరు లెటర్‌హెడ్ మీద రెండు లైన్ల ఉత్తరం, దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ.
- షుగర్ ఉన్నవాళ్లయితే గ్లూకోమీటర్, గ్లూకోజ్ ప్యాకెట్ లేదా చక్కెర పొట్లం.
- ఒక రోజుకు సరిపడా మందులు, చీటీతో సహా.

1. కార్డు రాయించండి, రాసే మాట జాగ్రత్త

మేము మొదట చేయించిన కార్డు మీద "నేను తాగలేదు" అని రాయించాం. అది తప్పు. ఏ పెళ్లిలోనో కాస్త పుచ్చుకున్న రోజు ఫిట్స్ వస్తే, నోటి వాసన తగలగానే ఆ కార్డు అబద్ధమైపోతుంది. పైగా అది వాదనలా ఉంటుంది. ఎదుటివాడు ఏం చేయాలో చెప్పే మాటలు రాయాలి. ఇప్పుడు నేను అందరికీ ఇస్తున్న నమూనా ఇది:

"నాకు ఫిట్స్ జబ్బు ఉంది. ఫిట్స్ తగ్గాక కొంతసేపు తాగినట్టు కనిపిస్తాను, మీరు చెప్పేది అర్థం కాదు. దయచేసి అదిమి పట్టుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. 5 నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇంటి నంబరు: ..."

షుగర్ వాళ్లకైతే: "నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను. తేడాగా మాట్లాడుతుంటే షుగర్ పడిపోయి ఉండవచ్చు. మింగగలిగితే చక్కెర నీళ్లు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి."

పర్సులో పెట్టకండి. మబ్బులో ఉన్న మనిషి వెనక జేబులో చెయ్యి పెడితే ఏదో తీస్తున్నాడని పోలీసులు ఉలిక్కిపడతారు. మెడలో బిగుతు తాడుకు వేలాడదీయడమూ వద్దు, ఫిట్స్‌లో మెడకు బిగుసుకోవచ్చు. మణికట్టు మంచిది. కార్డు చొక్కా పై జేబులో, సెల్‌ఫోన్ కవర్ వెనక మరొకటి.

ఫోన్‌లో కూడా పెట్టండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ సమాచారం, ఐఫోన్ హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ అని ఉంటాయి.

*సరిగా వచ్చిందా చూసుకోవడం:* ఫోన్ లాక్ చేసి, మీ జబ్బు సంగతి తెలియని పక్కింటి అబ్బాయి చేతికివ్వండి. ఎమర్జెన్సీ అని ఉన్నచోట నొక్కి మీ వివరాలు చదవగలిగాడా? కార్డును రాత్రిపూట వీధి దీపం కింద చేయి చాచినంత దూరంలో పట్టి చదివించండి. చదవలేకపోతే అక్షరాలు పెద్దవి చేయించండి. మా మొదటి కార్డు ఈ పరీక్షలోనూ తప్పింది.

2. ముందే చెప్పి ఉంచండి

మీ వార్డు సచివాలయంలో మహిళా పోలీస్ ఉంటే, ఒకసారి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయండి. రోజూ దిగే స్టాప్ దగ్గర టీ కొట్టు అతనికి, ఆటో స్టాండ్ వాళ్లకు, రాత్రి వాచ్‌మన్‌కు కూడా చెప్పండి. పోలీసుల కన్నా ముందు అక్కడుండేది వాళ్లే. "నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు" అని దాచిపెట్టేవాళ్లు చాలామంది వస్తుంటారు నా దగ్గరికి. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ రోడ్డు మీద తెలియనివాళ్ల మధ్య పడిపోతే ఆ దాపరికమే దెబ్బలు తినిపిస్తుంది.

ఇంకో మాట. ఫిట్స్ అదుపులోకి రానివాళ్లు బండి నడపకూడదు. ఈ కార్డు అందుకు అనుమతి కాదు.

3. ఘటన జరుగుతున్న చోట మీరుంటే

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, నేర్చుకోవడమూ కష్టమే. మనవాణ్ణి కొడుతుంటే చూస్తూ నెమ్మదిగా మాట్లాడడం ఎవరి వల్లా కాదు. అందుకే ఇంట్లో ముందే రెండుమూడుసార్లు పలికి చూసుకోండి.

ఒక్కరే మాట్లాడాలి. రెండు చేతులూ పైకి కనపడాలి. నాలుగడుగుల దూరంలో ఆగండి. పోలీసు చెయ్యి పట్టుకుని లాగొద్దు, అలా లాగితే విధులకు అడ్డుపడ్డారని మీ మీదే కేసు పెడతారు. మాట ఇలా ఉండాలి:

"సార్, నేను వీడి అన్నను. వీడికి ఫిట్స్ వచ్చింది సార్. మీ మాట వీడికి అర్థం కావట్లేదు. చేతికి పట్టీ ఉంది, చూడండి. వదిలితే నేను పక్కకు తిప్పి కూర్చోబెడతాను. 108కి ఫోన్ చేశాను."

ముందు చుట్టరికం, తర్వాత జబ్బు, తర్వాత రుజువు, చివర ఏం చేయాలో. ఇదే వరుస. "ఏం సార్ మనుషులు కారా మీరు?" అని మొదలుపెడితే, అది న్యాయమైన ప్రశ్నే అయినా, ఆ క్షణంలో దెబ్బ ఆగదు. చట్టం సెక్షన్లు కూడా అక్కడ చదవకండి, అవి తర్వాత పనికొస్తాయి.

రెండో మనిషి ఉంటే కాస్త ఎడంగా నిలబడి వీడియో తీయాలి. ఫోన్ మొహం మీద పెట్టకుండా, మాట్లాడకుండా, ఆపకుండా తీయాలి. మీరొక్కరే అయితే వీడియో కన్నా మనిషే ముఖ్యం.

108 రాకముందు చేయాల్సినవి:

- షుగర్ మనిషి అయితే మీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే, మింగగలిగితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఆ మీటరు నంబరు పోలీసుకూ చూపించండి. మీరు పది మాటలు చెప్పినా నమ్మనివాళ్లు ఆ ఒక్క అంకె నమ్ముతారు.
- ఫిట్స్ వస్తూ ఉంటే చేతిలో తాళాల గుత్తి, ఇనుప ముక్క పెట్టవద్దు. మన ఊళ్లలో అందరూ చేసే పని అదే, పోలీసులూ చేస్తారు. దాని వల్ల ఫిట్స్ ఆగవు, వేళ్లు తెగుతాయి. పళ్ల మధ్య చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. తల కింద మడిచిన కండువా పెట్టి, టైము చూసుకోండి.
- మూతి ఒక పక్కకు వాలినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా పక్షవాతం కావచ్చు. ఒక్క నిమిషం వృథా చేయొద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.
- వడదెబ్బ అయితే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. బెజవాడ ఎండల్లో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

4. పట్టుకోక తప్పదని వాళ్లంటే

కొన్నిసార్లు తప్పదు కూడా. మనిషి మబ్బులో బెంజ్ సర్కిల్ దగ్గర హైవే మీదికి నడిచేస్తుంటే పట్టి ఆపాల్సిందే, మనమైనా అదే చేస్తాం. పట్టుకునే తీరు గురించి మాత్రం గట్టిగా అడగండి. బోర్లా పడుకోబెట్టవద్దు. వీపు మీద, మెడ మీద, ఛాతీ మీద బరువు పెట్టవద్దు. బోర్లా పడి, పైన బరువు ఉంటే ఛాతీ విచ్చుకోదు, ఊపిరి అందదు, ప్రాణం పోవచ్చు. "మాట్లాడుతున్నాడుగా, ఊపిరి ఆడుతున్నట్టే" అనే మాట తప్పు. ఊపిరి చాలనివాడు కూడా నాలుగు మాటలు అనగలడు. పెనుగులాడేవాడు ఉన్నట్టుండి కదలకుండా అయిపోతే లొంగిపోయాడని అనుకోకండి. వెంటనే వెల్లకిలా తిప్పి ఊపిరి చూడమనండి. ఊపిరి సరిగ్గా ఉంటే పక్కకు తిప్పి ఉంచాలి, లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

5. "ఊదు" అంటే

డ్రంక్ అండ్ డ్రైవ్ దగ్గర ఇది వస్తుంది. మబ్బులో ఉన్నవాడు బ్రీత్ అనలైజర్‌లో సరిగా ఊదలేడు. దాన్ని "నిరాకరించాడు" అని రాసేస్తారు. అప్పుడు మీరు అడగాల్సింది ఆసుపత్రిలో రక్త పరీక్ష. మోటారు వాహనాల చట్టం ప్రకారం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. తాగలేదన్న ధైర్యం ఉంటే ఆ పరీక్షే మీకు రక్ష. షుగర్ బాగా పెరిగి రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు చేరినవాళ్ల నోటి నుంచి ముగ్గిన పండులాంటి వాసన వస్తుందని కూడా డాక్టరుకు గుర్తు చేయండి. దాన్ని తాగిన వాసన అనుకుంటారు.

6. జీపు ఎక్కిస్తే

వెంటే వెళ్లండి. ఏ స్టేషన్ అని అడగండి, బండి నంబరు, ఛాతీ మీది పేరు రాసుకోండి. స్టేషన్‌లో అడగాల్సింది ఒక్కటే: "ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి సార్." ఇక్కడ చట్టం మాట ఎత్తవచ్చు, మర్యాదగా. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

46వ సెక్షన్: పారిపోకుండా ఆపడానికి అవసరమైనదానికన్నా ఎక్కువగా కట్టడి చేయకూడదు.
48: అరెస్టు సంగతి ఇంటివాళ్లకు చెప్పాలి.
53: అరెస్టయిన మనిషికి డాక్టరు పరీక్ష చేయించాలి.
56: కస్టడీలో ఉన్న మనిషి ఆరోగ్యం, భద్రత చూసుకోవడం పోలీసుల బాధ్యత.

మానసిక జబ్బు ఉన్నవాళ్లయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ఉంది. రక్షణ కోసం తీసుకొచ్చినవాళ్లను లాకప్‌లో పెట్టనే కూడదు, వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి.

మందులు ఇస్తే ఊరికే టేబుల్ మీద పెట్టి రాకండి. చీటీతో కలిపి ఇచ్చి, ఏ టైముకు ఏది వేసుకోవాలో కాగితం మీద రాసి, జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ రాసే రిజిస్టరు) నమోదు చేయమనండి. రాయకపోతే ఆ కాగితం ఫోటో తీసి, టైముతో సహా ఎస్ఐ ఫోన్‌కు వాట్సాప్ చేయండి. ఒక్క పూట ఫిట్స్ బిళ్ల తప్పినా మళ్లీ రావచ్చు.

లాయరు లేరా? 15100కి ఫోన్ చేయండి, ఇది న్యాయ సేవల సంస్థ ఉచిత నంబరు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. రాయని కాగితం మీద మాత్రం ఏ పరిస్థితిలోనూ సంతకం పెట్టవద్దు. "పెట్టేస్తే ఇప్పుడే వదిలేస్తాం" అన్నా సరే.

7. దెబ్బలు తగిలితే, ఫిర్యాదు కన్నా ముందు ఆసుపత్రి

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. ప్రైవేటుకు వెళ్లినా పోలీస్ కేసని వైద్యం ఆపకూడదు, సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో ఈ మాట చెప్పింది.

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. "ఎలా తగిలింది?" అని డాక్టరు అడిగితే, మా అమ్మ భయపడి "పడిపోయాడండీ" అంది. ఆ ఒక్క మాట రికార్డులోకి ఎక్కింది, మళ్లీ మార్చలేకపోయాం. అమ్మను నేను ఏనాడూ తప్పుపట్టలేదు, ఆ రాత్రి ఆమె కొడుకును ఇంటికి తెచ్చుకుంటే చాలనుకుంది. మీరు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి: ముందు ఫిట్స్ వచ్చి పడ్డాడు, తర్వాత పోలీసులు లాఠీతో కొట్టారు. రెండూ చెప్పాలి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు, కోర్టు విచారణకు పనికొచ్చే కేసుగా, నమోదు చేయమని అడగండి.

డాక్టరుతో రాయించాల్సినవి:

- నాలుక పక్కన కొరుక్కున్న గాయం, బట్టల్లో మూత్రం పోవడం. వీటిలో నాలుక పక్క గాయమే ఫిట్స్ వచ్చిందనడానికి గట్టి ఆనవాలు, మూత్రం పోవడం ఒక్కటే రుజువు కాదు. నాలుక గాయం కొన్ని రోజుల్లో మానిపోతుంది, ఆ రాత్రే రాయించాలి.
- షుగర్ రీడింగ్, టైముతో.
- ప్రతి దెబ్బ ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు.
- తలకు తగిలితే స్కాన్.

ఫోటోలు మీరూ తీయండి. దెబ్బ పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. కమిలిన దెబ్బ రెండో రోజు, మూడో రోజు ఇంకా స్పష్టంగా పైకి తేలుతుంది, కాబట్టి రోజూ తీయండి. చిరిగిన చొక్కా ఉతకకుండా కాగితం సంచిలో దాచండి.

*సరిచూసుకోవడం:* ఆసుపత్రి నుంచి బయటకు వచ్చేముందు చీటీ చదవండి. మీరు చెప్పిన కారణం అందులో ఉందా? తేదీ, టైము ఉన్నాయా? లేకపోతే అక్కడే నిలబడి అడగండి. మర్నాటికి ఆ డ్యూటీ డాక్టరు దొరకరు.

8. సాక్ష్యం చెరిగిపోకముందే

కొట్ల ముందు ఉండే కెమెరాల్లో పాత రికార్డింగు కొద్ది రోజులకే, మీద కొత్తది ఎక్కి చెరిగిపోతుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి అడగండి. ఇవ్వడానికి భయపడితే "దాచి ఉంచండి చాలు" అనండి. పోలీస్ స్టేషన్ లోపలి సీసీ కెమెరాల రికార్డింగు 18 నెలలు, తప్పనిసరైతే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. తేదీ, గంటలు రాసి, దాన్ని భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. మనిషి ఇంకా లోపలే ఉంటే "ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినది" అని పైన రాయండి, అలాంటిదానికి 48 గంటల్లో జవాబు ఇవ్వాలి.

మీ వీడియోను కత్తిరించకండి, పాట కలపకండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది. తీసిన ఫోన్‌లో అసలు ఫైలు అలాగే ఉంచి, కాపీ వేరే చోట పెట్టండి. కోర్టులో ఆ ఫోనే అడుగుతారు.

9. ఫిర్యాదు రాయడం

ఒకటిన్నర పేజీ చాలు. విజయవాడ అయితే పోలీస్ కమిషనర్‌కు, గుంటూరు అయితే జిల్లా ఎస్పీకి. సోమవారం జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) ఇచ్చి రసీదు తీసుకోండి. అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఇంకో కాపీ పంపండి.

గంటలవారీగా రాయండి. "రాత్రి 10:40కి ఫలానా స్టాప్ దగ్గర పడ్డాడు. 10:45కి ఇద్దరు వచ్చారు, ఒకరి ఛాతీ మీద పేరు ఇది. లాఠీతో ఎడమ తొడ మీద రెండుసార్లు కొట్టారు." కళ్లారా చూసింది ఒక పేరాలో, ఇతరులు చెప్పింది వేరే పేరాలో "ఫలానావారు చెప్పారు" అని. "రాక్షసుల్లా", "పశువుల్లా" లాంటి మాటలు తీసేయండి. మన కడుపుమంట నిజమే, కానీ చదివే అధికారికి ఆ మాటలు ఫిర్యాదును పక్కన పెట్టే సాకు అవుతాయి. చివర ఏం కోరుతున్నారో రాయాలి: విచారణ, రికార్డింగు భద్రపరచడం, వైద్యం ఖర్చు, పెట్టిన కేసు ఉంటే పునఃపరిశీలన. ఈ చివరిది మరవొద్దు. పెనుగులాడినందుకు పోలీసులపై దాడి కేసు పెట్టి ఉంటే, ఫిట్స్ తర్వాతి కదలికలు మనిషి ఇష్టంతో చేసినవి కావని డాక్టరు ఉత్తరం జత చేయండి.

అక్కడ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి లాయరు ద్వారా వెళ్లవచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు రాయాలి, తర్వాత తీసుకోరు.

*సరిచూసుకోవడం:* రాసినదాన్ని సంగతి తెలియని ఒకరికి చదవమని ఇవ్వండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఒంటి మీద ఏ చోట, ఈ అయిదూ వాళ్లు మిమ్మల్ని మళ్లీ అడగకుండా చెప్పగలిగితే పంపండి.

కార్డు నమూనా నా షాపులో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రింటు తీసి పెట్టాను, అడిగినవాళ్లకు ఊరికే ఇస్తున్నాను. మా తమ్ముడు ఇప్పుడు ఎడమ మణికట్టుకు పట్టీ లేకుండా గడప దాటడు. పోయిన నెల నడిరోడ్డు మీద మళ్లీ ఫిట్స్ వచ్చింది. ఒక కానిస్టేబుల్ ఆ పట్టీ చదివి, వాణ్ణి పక్కకు తిప్పి, నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి తమ్ముడి తల కింద ఆయన తువ్వాలు ఉంది.